ఆపరేటింగు సిస్టము పునఃస్థాపనము - తదనంతర సమస్యలు

కంప్యూటరులోని డిస్కునుగాని, అందలి యొక భాగమునుగాని తుడిచివైచి, విండోస్, లినక్స్, మ్యాక్‌ఓఎస్ మొదలైన ఆపరేటింగు సిస్టములలో నొకదానిని మొదటినుండి మరల నెక్కించుటకు పునఃస్థాపనమని పేరు. తెలుగునాట దుకాణములలోను కార్యాలయములలోను దీనిని ‘ఫార్మాట్ కొట్టడం’ అనియు, ‘విండోస్ వేయడం’ అనియు వ్యవహరింతురు. యంత్రము మందగించినను, వైరసు సోకినను, తెర నీలవర్ణము దాల్చి నిలిచిపోయినను, తుదకు ప్రింటరు పలుకకపోయినను మొదట సూచింపబడు చికిత్స సామాన్యముగా నిదియే. చికిత్స ముగిసి యంత్రము ఇల్లు చేరిన తరువాత ధ్వని వినరాదు, వై-ఫై కానరాదు, తెరపై బొమ్మలు సాగదీసినట్లు లావై యుండును, నిన్నటిదాక తెరుచుకొన్న ఫైలు నేడు అనుమతి లేదని పలుకును.

ఈ బాధలన్నింటికిని మూలమొక్కటియే. ఏండ్ల తరబడి వాడుకలోనున్న యంత్రములో ఆపరేటింగు సిస్టముతోపాటు దానికి చెందని సామగ్రి యెంతో చేరియుండును. ఒక్కొక్క పరికరమునకు వేసిన డ్రైవర్లు, కొనుగోలు నాడు నమోదైన లైసెన్సులు, బ్రౌజరు గుర్తుంచుకొన్న పాస్‌వర్డులు, ఎవరో మిత్రుడు పెన్‌డ్రైవులో తెచ్చి యెక్కించిన ఫాంట్లు, ప్రింటరు కుదురుటకు ఒకనాడు మార్చిన సెట్టింగులు - ఇవి యేవియు విండోస్ డిస్కులో నుండవు. యజమాని చిట్టాపుస్తకములో వ్రాసియు నుండవు. డిస్కు తుడువగానే యవి యన్నియు మాయమగును. కావున పునఃస్థాపనానంతరము పుట్టినట్లు కనబడు చిక్కులలో నధికభాగము, వ్రాసికొనవలసినవి వ్రాసికొనకయే డిస్కును తుడిచిన ఘడియలోనే పుట్టినవని గ్రహింపవలెను.

ఆంధ్ర, తెలంగాణములలో నీ యలవాటు ఇంతగా బలపడుటకు అంగడి చరిత్రయు నొక కారణము. సికిందరాబాదు పార్కులేనునందలి చినాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల మదరుబోర్డు నొకచోట, డిస్కు నొకచోట, క్యాబినెట్టు మరియొకచోట కొని కూర్పించుకొన్న ‘అసెంబుల్డ్’ యంత్రములే చాలకాలము మధ్యతరగతి యిండ్లలోను ఇంటర్నెట్టు కేంద్రములలోను నెలకొని యుండెను. ఇట్టి యంత్రమునకు సమగ్రమైన నిర్మాత యెవడును లేడు. పూర్వస్థితికి తెచ్చు రికవరీ డిస్కు లేదు. ఉన్నదెల్ల మదరుబోర్డు పెట్టెలో వచ్చిన డ్రైవర్ల సి.డి. యొక్కటియే. ఆ సి.డి. పెట్టెతోపాటు పాతసామానులవాని పాలైన పిమ్మట ఎన్నడో యొకనాడు ఫార్మాటు చేయవలసివచ్చును. దీనికి తోడు సాంకేతికులు కొందరు, 1998లో సిమాంటెక్ సంస్థ వశమైన ‘ఘోస్ట్’ అను ప్రోగ్రాముతో ఒక యంత్రపు డిస్కు ప్రతిబింబమును వేరొక యంత్రముపై దించి, గంటల పనిని నిమిషములలో ముగించుచుండిరి. రెండు యంత్రముల మదరుబోర్డులును ఏకజాతివైనచో నిది నడచును. భిన్నజాతివైనచో మొదటి ఆరంభముననే 7బి అను సంఖ్యతో నీలితెర ప్రత్యక్షమగును. ఆరంభపు డిస్కును చేరుటకు దారి లేదని ఆ సంఖ్యకు భావము.

డ్రైవర్ల సమస్య తక్కినవాటికన్న విస్తృతమైనది గనుక దానిని కొంత వివరముగ చూడవలసియున్నది. 1995 ఆగస్టు 24న వెలువడిన విండోస్ 95, పరికరమును తగిలించినంతనే సిస్టము దానిని గుర్తించు ‘ప్లగ్ అండ్ ప్లే’ పద్ధతిని సామాన్యులకు అందించినది. కాని గుర్తించుట వేరు, నడుపుట వేరు. ప్రతి విండోస్ డిస్కునకును ఒక తేదీ కలదు. ఆ తేదీనాటికి లోకములోనున్న పరికరములే దానికి తెలియును. డిస్కు కన్న యంత్రము చిన్నదైనచో పరికరములు అపరిచితములై నిలుచును. యంత్రము కన్న డిస్కు చిన్నదైనచో, ఆ పాత పరికరమునకు క్రొత్త డ్రైవరు వ్రాయుట నిర్మాత యెన్నడో మానివైచి యుండును. సమవయస్కులైన డిస్కు, యంత్రము దొరకిన సందర్భములలో చిక్కు లల్పము.

2001 అక్టోబరు 25న వెలువడిన విండోస్ ఎక్స్‌పి యొక్క తొలి డిస్కు దీనికి మంచి యుదాహరణము. సర్వీస్ ప్యాక్ 1 చేరనట్టి ఆ డిస్కుతో స్థాపన చేసినచో 160 జి.బి. డిస్కు సైతము 137 జి.బి.గానే కనబడును, డిస్కునందలి ఖండములను లెక్కించుటకు ఆ సిస్టము 28 బిట్ల సంఖ్యను మాత్రమే వాడుటయే దీనికి హేతువు. సాటా అను క్రొత్త సంధానము గల డిస్కులు వచ్చిన తరువాత చిక్కు మరింత ముదిరినది. స్థాపనారంభమున ‘ఎఫ్6’ మీట నొక్కి డ్రైవరును ఫ్లాపీనుండి చదివింపవలసియుండెను. ఆనాటికి ఫ్లాపీ డ్రైవులే క్రొత్త యంత్రములనుండి తొలగిపోవుచుండెను. విండోస్ 7 కాలమున నిట్టిదే మరియొకటి. 2015లో వచ్చిన ఇంటెల్ స్కైలేక్ యంత్రములలో పాత యు.ఎస్.బి. నియంత్రకము తొలగింపబడి యు.ఎస్.బి. 3.0 నియంత్రకమే మిగులగా, 2009 నాటి విండోస్ 7 డిస్కునకు దాని డ్రైవరు తెలియకపోవుటచే స్థాపనము మధ్యలో కీబోర్డును మౌసును ఒక్కమారుగ నిర్జీవములగును. అప్పుడు తెరపై వచ్చు సందేశము సి.డి. డ్రైవు డ్రైవరు కావలెనని యడుగును. పెన్‌డ్రైవునుండి స్థాపన చేయుచున్నవాడు, సి.డి. డ్రైవే లేని యంత్రము ముందు కూర్చుండి, దీనికి అర్థమేమని తల గోకికొన్నచో నది అతని దోషము కాదు. ఇంటెల్ 11వ తరపు ల్యాప్‌టాపులలో నేటికిని ఈ కథ యొక రూపమున నడచుచున్నది: ‘వి.ఎం.డి.’ అను డిస్కు నియంత్రకము మదరుబోర్డు సెట్టింగులగు బయాస్‌లో తెరవబడియున్నచో స్థాపనా కార్యక్రమమునకు డిస్కే కనబడదు. తయారీదారు వెబ్‌సైటునుండి ఆ డ్రైవరును పెన్‌డ్రైవులోనికి విప్పి చూపినచో డిస్కు ప్రత్యక్షమగును. డిస్కు చెడిపోయినదని తలచి క్రొత్తది కొనినవారును లేకపోలేదు.

నెట్‌వర్కు డ్రైవరు లోపించినప్పుడు పుట్టునది విచిత్రమైన చక్రబంధము. డ్రైవరు కావలెనన్న ఇంటర్నెట్టు కావలెను. ఇంటర్నెట్టు కావలెనన్న ఆ డ్రైవరే కావలెను. విండోస్ 11 ప్రథమారంభముననే ఇంటర్నెట్టు సంధానమును అడుగుటచే, వై-ఫై డ్రైవరు లేని యంత్రము ఆ తెరవద్దనే నిలిచిపోవుట కద్దు. ఇందుకు సులభమైన ఉపాయము ఆండ్రాయిడ్ ఫోను: దానిని యు.ఎస్.బి. తీగతో తగిలించి యు.ఎస్.బి. టెదరింగ్ తెరచినచో, విండోస్ 10, 11లు దానిని సాధారణముగా వేరు డ్రైవరు లేకయే నెట్‌వర్కు కార్డుగా స్వీకరించును.

గుర్తింపబడని పరికరమేదో కనుగొనుటకు ‘డివైస్ మేనేజరు’ను తెరవవలెను. పసుపుపచ్చని గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’ అను పంక్తి కనబడును. దానిపై రెండుమారులు నొక్కగా, డ్రైవరు వేయబడలేదని తెలుపు 28వ కోడు కానవచ్చును. ‘డీటెయిల్స్’ అను పుటలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకొన్నచో నిర్మాతసంఖ్యయు పరికరసంఖ్యయు ఒక పొడవైన పంక్తిలో నుండును. నిర్మాతసంఖ్య 8086 అయినచో ఇంటెల్. 10ఇసి అయినచో రియల్‌టెక్. 10డిఇ అయినచో ఎన్విడియా. ఇంటెల్ తన 1978 నాటి ప్రఖ్యాత ప్రాసెసరు పేరునే తనకు గుర్తింపుసంఖ్యగా నుంచుకొన్న దన్నమాట. ఆ పంక్తిని యథాతథముగ వెదకినచో పరికరము పేరు నిమిషములో తెలియును. డ్రైవర్లను వేయునప్పుడు మొదట చిప్‌సెట్, పిదప గ్రాఫిక్స్, నెట్‌వర్కు, ధ్వని అను క్రమము పాటించుట మేలు. గ్రాఫిక్స్ డ్రైవరు చేరువరకు తెర ‘బేసిక్ డిస్‌ప్లే’ స్థితిలో నుండుటచేతనే అక్షరములు లావై కనబడును గాని తెరకు వ్యాధి యేదియు లేదు. అన్ని డ్రైవర్లను ఒక్క మీటతో వేయుదుమని చెప్పు ఉచిత ప్రోగ్రాములు పెక్కు కలవు. అవి యొక డ్రైవరుతో నాలుగు అక్కరలేని ప్రకటనా ప్రోగ్రాములను గూడ ప్రవేశపెట్టును. వాని జోలికి పోకుండుటయే క్షేమము.

ఇక ఆరంభసమస్యలు. పెన్‌డ్రైవును తీయక మరచినచో, స్థాపన మధ్యలో యంత్రము పునరారంభమైనప్పుడు మరల పెన్‌డ్రైవునుండియే మొదలై, స్థాపన తిరిగి మొదటి తెరవద్దకు వచ్చును. క్రొత్తవారు దీనిని వైఫల్యమని భ్రమించి రెండవమారు ఫార్మాటు చేయుదురు. పాత పద్ధతిలో డిస్కునందలి మొదటి 512 బైట్ల ఖండములో ఆరంభసంకేతము 446 బైట్లు, విభాగపట్టిక 64 బైట్లు, ముద్ర 2 బైట్లు నుండెను. లినక్సు కూర్పైన ఉబుంటు ఉన్న యంత్రములో విండోస్ మరల వేసినచో ఆ 446 బైట్లను తనవిగా చేసికొని లినక్సును మొదలుపెట్టు ‘గ్రబ్’ను తుడిచివైచును. లినక్సు విభాగము చెక్కుచెదరకున్నను ప్రవేశద్వారము పోయినందున సమస్తము పోయినట్లే తోచును. లినక్సు పెన్‌డ్రైవుతో ప్రవేశించి గ్రబ్‌ను మరల నెక్కించినచో నది తిరిగి కనబడును. క్రొత్త యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో నొకరి ఫైళ్ల నొకరు తుడుచుకొనరు. ఆరంభక్రమము మాత్రము మారును. దానిని బయాస్‌లో సరిచేసిన చాలును.

ఎస్.ఎస్.డి. వాడుక పెరిగిన పిదప మరియొక చిక్కు సామాన్యమైనది. పాత హార్డుడిస్కును తీయకయే క్రొత్త ఎస్.ఎస్.డి.పై విండోస్ వేసినచో, స్థాపనా కార్యక్రమము తరచుగా ఆరంభపుఫైళ్లను పాత డిస్కునందే యుంచును. ఆరునెలల తరువాత పాత డిస్కును తీసివేసిననాడు, దానితో నిమిత్తము లేదనుకొన్న ఎస్.ఎస్.డి. ఆరంభము కాదు. స్థాపన చేయునప్పుడు అవసరమైన డిస్కు నొక్కదానినే తగిలించి తక్కినవాని తీగలు విప్పుట, పాత సాంకేతికులు పాటించు నియమము. అది యెంతయు సార్థకము.

గడియారపు సంగతి స్వల్పముగ తోచును గాని దాని వికారములు చిత్రములు. విండోస్, లినక్సు రెండును గల యంత్రములో, మదరుబోర్డునందలి గడియారము స్థానికకాలమును చూపుచున్నదని విండోస్ తలచును. అది విశ్వకాలమని లినక్సు తలచును. భారతకాలము విశ్వకాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందుండుటచే, లినక్సునుండి విండోస్‌లోనికి వచ్చినప్పుడెల్ల గడియారము సరిగా అయిదున్నర గంటలు వెనుకబడియుండును. తేడా సరిగా అయిదున్నర గంటలైనచో బ్యాటరీని శంకింపవలదు. లినక్సులో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ ఆజ్ఞతో స్థానికకాలమును వాడుమని చెప్పిన చాలును. తేదీ ఏండ్ల వెనుకకు పోయినచో మాత్రము మదరుబోర్డుపైని ‘సిఆర్2032’ బిళ్ల, అనగా 3 వోల్టుల లిథియం బ్యాటరీ, క్షీణించినదని యర్థము. తప్పు తేదీ గల యంత్రములో వెబ్‌సైట్ల భద్రతాపత్రము లింకను పుట్టనివిగనో, గడువు తీరినవిగనో కనబడుటచే, బ్యాంకు వెబ్‌సైటు మొదలు గూగుల్ వరకు ఏదియు తెరుచుకొనదు. ఆపిల్ యంత్రములకును ఈ బాధ తప్పలేదు: 2016 ఫిబ్రవరి 14న ఆపిల్ వారి ధ్రువపత్ర మొకటి గడువు తీరగా, అంతకుముందు దింపి దాచుకొన్న స్థాపనా ఫైళ్లు చెడిపోయినవను సందేశముతో మొరాయించినవి. ఫైళ్లలో దోషమేమియు లేదు. టెర్మినల్‌లో తేదీని వెనుకకు జరిపినచో నవి యథాప్రకారము పనిచేసినవి.

లైసెన్సుల విషయము. విండోస్ ఎక్స్‌పితో మైక్రోసాఫ్టు ‘యాక్టివేషను’ను గృహవినియోగదారులకు తప్పనిసరి చేసినది, స్థాపించిన 30 దినములలో నమోదు కానిచో సిస్టము ప్రవేశము నిరాకరించును. నాడు 25 అక్షరముల కీ క్యాబినెట్టుపై అంటించిన చీటీలోనుండెను. ఎండకు చెమటకు చెరగిపోయిన ఆ చీటీలోని 8ని ‘బి’ అనియు, ‘జి’ని 6 అనియు చదువుచు కుస్తీపట్టిన కాలమది. 2012 నాటి విండోస్ 8 నుండి కంపెనీ యంత్రములలో కీ మదరుబోర్డునందే నిక్షిప్తమైయున్నది. స్థాపనా కార్యక్రమము దానిని స్వయముగ చదువుకొనును. ఈ సౌకర్యములో నొక మెలిక కలదు: యంత్రము ‘హోమ్’ కూర్పుతో వచ్చియుండగా ‘ప్రో’ కూర్పు వేయగోరినవానికి ఎంచుకొను నవకాశమే చూపక, తనంతట హోమ్‌నే వేయును. ఇది తెలియక దుకాణదారుడు నకిలీ సాధనములను వాడినచో, తరువాతి నవీకరణములలో నేదో యొకటి మొరాయించుట తప్పదు. మదరుబోర్డు మారినచో పాత లైసెన్సు క్రొత్తదానిపై తనంతట పనిచేయదు. దానిని ముందుగనే మైక్రోసాఫ్టు ఖాతాతో ముడివేసియున్నవారికి కొంత వెసులుబాటు కలదు.

పోయిన సమాచారమును గూర్చిన బాధ తక్కినవాటికన్న శోకప్రదము. ‘సి’ డ్రైవును మాత్రమే తుడుతుము, ‘డి’లోనున్నది పదిలమని సాంకేతికుడు చెప్పును, అది నిజమే. కాని ‘డెస్క్‌టాప్’పై నుంచినదెల్ల, ‘డౌన్‌లోడ్స్’లో నుంచినదెల్ల ‘సి’లోనే యున్నదని చాలమందికి తెలియదు. జమాఖర్చుల ప్రోగ్రామైన టాలీ ఇ.ఆర్.పి. 9 యొక్క లెక్కలు, చోటు మార్చనిచో, ప్రోగ్రాము నెక్కించిన సంచిలోని ‘డేటా’ అను ఉపసంచిలోనే పేరుకొనును. ‘సి’ని తుడిచినచో దుకాణపు ఏండ్ల జమాఖర్చులు దానితోడనే పోవును. ప్రోగ్రామును మరల వేయగానే కంపెనీ జాబితా శూన్యముగ కనబడుట చూచి కళవళపడిన వర్తకులెందరో! పాత సిస్టమును తుడువక దానిపైననే స్థాపన చేసినచో పాత ఫైళ్లు ‘విండోస్.ఓల్డ్’ అను సంచిలో నుండును. సామాన్యముగా 10 దినముల తరువాత విండోస్ దానిని తానే తొలగించును. కావున ఏదో పోయినదని తెలిసినవెంటనే మొదట చూడవలసినది ఆ సంచిని.

ఫైలు కండ్లయెదుట నున్నను తెరుచుకొనని స్థితియు కలదు. విండోస్ ప్రతి వినియోగదారునికిని ‘ఎస్-1-5-21’ అని మొదలగు నొక దీర్ఘసంఖ్యను కేటాయించి, అనుమతులను ఆ సంఖ్యపైననే వ్రాయును. స్థాపన పిదప అదే పేరుతో క్రొత్త ఖాతా తెరచినను సంఖ్య వేరగును. పేరొక్కటియై వేలిముద్ర వేరైన మనుష్యుడు పాత పత్రమునకు హక్కుదారుడు కానట్లే యిదియు. ‘సెక్యూరిటీ’ పుటలో పేరునకు బదులు ఆ సంఖ్యయే కనబడును. నిర్వాహకుని యధికారముతో యాజమాన్యమును స్వీకరించినచో ఫైళ్లు తెరుచుకొనును. కాని గూఢలిపి గల ఫైళ్ల సంగతి యట్లు కాదు. క్రోమ్ బ్రౌజరు సంచిని యథాతథముగ దాచి క్రొత్త సిస్టములో నుంచినను అందలి పాస్‌వర్డులు విడివడవు. వాని తాళపుచెవి పాత విండోస్ ఖాతాకు ముడివడి నశించినది. డ్రైవునంతను గూఢలిపిలో మూయు విండోస్ సాధనమగు బిట్‌లాకర్ మరింత కఠినము. ఇటీవలి విండోస్ 11లో మైక్రోసాఫ్టు ఖాతాతో స్థాపన చేసినచో, తగిన యంత్రములలో గూఢలిపి తనంతట మొదలగును. ‘సి’తోపాటు ‘డి’ సైతము మూయబడియుండవచ్చును. ‘సి’ని తుడిచి క్రొత్తగ వేసిన పిదప ‘డి’ 48 అంకెల రికవరీ కీని అడుగును. అది యుండినచో మైక్రోసాఫ్టు ఖాతాలో నుండును. ఆ ఖాతా ఏదో, పాస్‌వర్డు ఏదో మరచినవానికి ఆ డ్రైవు లోపలి ఫోటోలను ఏ దుకాణమును తెరచి యియ్యలేదు.

తెలుగులో పనిచేయువారికి ప్రత్యేకమైన యిక్కట్లు కలవు. విండోస్ ఎక్స్‌పిలో గౌతమి ఫాంటుండియు, సంయుక్తలిపులను కూర్చు భాగము మొదట నెక్కింపబడియుండదు. అందుచే ఫార్మాటు చేసిన మరునాడు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లన్నియు గడులుగడులుగనో, ఒత్తులు విడివడిన అక్షరములుగనో దర్శనమిచ్చుచుండెను. ‘రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్’లో సంక్లిష్టలిపుల పెట్టెలో గుర్తుపెట్టవలెను, పెట్టగానే ఎక్స్‌పి సి.డి.ని పెట్టుమని యడుగును, ఆ సి.డి. అప్పటికి సాంకేతికునితో వెళ్లిపోయి యుండును. విండోస్ 10లో లిపిబాధ లేదు గాని, గౌతమి, వాణి ఫాంట్లు ఐచ్ఛికభాగముగ మారినవి. గౌతమిలో కూర్చిన పాత పత్రమును తెరువగా అది వేరు ఫాంటులో కనబడి, పంక్తులు జరిగి, 8 పుటల పత్రము 9 పుటలగును. ‘ఆప్షనల్ ఫీచర్స్’లో తెలుగు అనుబంధ ఫాంట్లను చేర్చినచో పూర్వరూపము వచ్చును.

డి.టి.పి. కేంద్రముల అవస్థ వేరు. అచట వాడు ‘అను’ పేరుగల ఫాంట్లు యూనికోడునకు పూర్వపు పద్ధతివి. తెలుగు అక్షరముల భాగములను ఆంగ్లాక్షరముల స్థానములలో నుంచి కూర్చినవి. ఆ ఫాంట్లు లేని క్రొత్త సిస్టములో పెళ్లిపత్రిక ఫైలును తెరచినచో, ‘శుభలేఖ’ యుండవలసినచోట ఆంగ్లాక్షరములును విరామచిహ్నములును కలగాపులగమైన పంక్తియే కనబడును. ఫైలు చెడిపోయినదని తొలగించినవారు కలరు. అది చెడలేదు, ఫాంటు చేరగానే తెలుగగును. మరియు 32 బిట్ల విండోస్ స్థానమున 64 బిట్లది వేసినచో, 4 జి.బి. మెమరీని పూర్తిగ వాడుకొను లాభము కలిగినను, ఫాక్స్‌ప్రోలో వ్రాయించుకొన్న డాస్ కాలపు లెక్కల ప్రోగ్రాములును, పాత 16 బిట్ల స్థాపనా ఫైళ్లును అందు నడువవు. అట్టి ప్రోగ్రాముపై నాధారపడిన రైసుమిల్లు గుమాస్తాను అడుగకయే 64 బిట్ల సిస్టమును వేయుట అపచారము.

ప్రింటర్లలో హెచ్.పి. లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్.బి.పి. 2900 వంటివి పుటను రూపొందించు శ్రమనంతయు కంప్యూటరునకే వదలునట్టివి. తమ డ్రైవరు లేనిదే ఒక్క అక్షరమును ముద్రింపవు. డిజిటల్ సంతకపు టోకెనును, మీసేవా కేంద్రములలో ఆధార్ వేలిముద్ర గ్రహించు పరికరమును ఇట్టివే. టోకెను డ్రైవరు లేనిదే జి.ఎస్.టి. పోర్టల్‌లో సంతకము సాగదు. వేలిముద్ర పరికరమునకు డ్రైవరుతోపాటు ‘ఆర్.డి. సర్వీసు’ అను వేరు ప్రోగ్రాము గూడ కావలెను. పరికరములో ఎఱ్ఱదీపము వెలుగుచున్నను ఈ రెండవది లేనిచో వెబ్‌సైటు దానిని కానదు.

భద్రతాదృష్టితో చూచినచో నవస్థాపిత యంత్రము పాతదానికన్న దుర్బలము. 2003 ఆగస్టులో ‘బ్లాస్టర్’ పురుగు వ్యాపించినప్పుడు, దాని నడ్డగించు సవరణ జూలైలోనే వెలువడియున్నను ఎక్స్‌పి సి.డి.లో నది లేకపోవుటచే, ఫార్మాటు చేసి ఇంటర్నెట్టుకు తగిలించిన యంత్రము, ఆ సవరణను దింపుకొనులోపలనే 60 సెకండ్లలో మూతపడుదునని ప్రకటించుచుండెను. 2004లో సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ను తనంతట తెరచియుంచుటతో ఈ భయము తగ్గినది. మన ప్రాంతమున మరింత పరిచితమైనది ‘డి’ డ్రైవు వైరసు. ‘సి’ని శుభ్రముగ తుడిచి విండోస్ వేసినవెంటనే, పాటలకొరకు ‘డి’పై రెండుమారులు నొక్కగా, అందు దాగియున్న ‘ఆటోరన్’ ఫైలు వైరసును మేల్కొలిపి క్రొత్త సిస్టమునకును అంటించుచుండెను. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు పెన్‌డ్రైవులనుండి ఆటోరన్‌ను నిలిపివేయు నవీకరణను ఎక్స్‌పి, విస్టాలకు పంపినది. నేడు విండోస్ 7ను క్రొత్తగ వేయువానికి వేరొక యడ్డంకి: 2019 తరువాతి నవీకరణములు ‘షా-2’ ముద్రతో వచ్చుటచే, ఆ ముద్రను గుర్తింపజేయు నవీకరణమును ముందుగ చేతితో వేయనిదే తక్కినవి యెక్కవు.

లినక్సు విషయము క్లుప్తముగ చెప్పవచ్చును. సొంత ఫైళ్లుండు ‘హోమ్’ సంచిని వేరు విభాగముగ నుంచుకొన్నవారి ఫైళ్లు సురక్షితములు. వై-ఫై కార్డుల ఫర్మ్‌వేర్ లోపించుట పెద్ద బాధగా నుండెను. 2023 జూన్ 10న వెలువడిన డెబియన్ 12 స్థాపనా ఫైలులో ఆ ఫర్మ్‌వేర్ చేర్చబడుటచే నా బాధ చాలవరకు తీరినది.

పునఃస్థాపనానంతరము కనబడు సమస్యలలో చివరి తరగతి, పునఃస్థాపనము వలన తీరనివి. విండోస్ క్రొత్తగ వేసిన మూడవ దినముననే మరల నీలితెర వచ్చినను, ఫైళ్ల నకలు మధ్యలో ఆగినను, స్థాపనయే ప్రతిమారు వేర్వేరు శాతములవద్ద నిలిచినను, దోషము సాఫ్ట్‌వేరుది కాదని దాదాపు నిశ్చయింపవచ్చును. మెమరీని ‘మెమ్‌టెస్ట్86’తో ఒక రాత్రి పరీక్షింపవలెను, ఒక్క దోషము కనబడినను ఆ మెమరీ కార్డు పనికిరాదు. హార్డుడిస్కు ఆరోగ్యమును ‘క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో’ వంటి ప్రోగ్రాముతో చూచినచో, 5వ అంశమున డిస్కు ఇంతకుముందే మార్చుకొన్న చెడుఖండముల సంఖ్యయు, 197వ అంశమున చదువుటకు లొంగక నిలిచిన ఖండముల సంఖ్యయు ఉండును. ఈ సంఖ్యలు వారమువారము పెరుగుచున్నచో, మొదట ఫైళ్లను వేరొక డిస్కునకు నకలు చేసికొని, పిదప డిస్కును మార్పింపవలెను. అట్టి డిస్కుపై మరల మరల విండోస్ కొట్టించుట డబ్బు దండుగ.